ఊడాల్సిన కట్టు

మునికుమార్‌ది పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే కుటుంబం. కట్టిన కట్టు ఊడిందంటే వాళ్ల నాయన మునస్వామి ఇల్లు పీకి పందిరేస్తాడు.

ఆ ఇంటి చేతులతోనే మునికుమార్, తిరుపతిలో స్నేహితులతో కలిసి చేసిన బుల్లి ఉపగ్రహానికి కట్టు కట్టాడు. ఇనుప కొలత టేపు ముక్కలే దాని యాంటెనాలు. వాటిని మడిచి నైలాన్ దారంతో బిగించాడు. పైకి వెళ్లాక ఒక తీగ వేడెక్కి ఆ దారాన్ని కాలిస్తేనే అవి విచ్చుకుంటాయి, సంకేతం నేలకు అందుతుంది.

రాకెట్ ఎగిరిపోయాక గుర్తొచ్చింది అతనికి. అలవాటు కొద్దీ దారాన్ని ఇంకో చుట్టు చుట్టేశాడు.

ఉపగ్రహం తిరుపతి మీదుగా ఒకసారి దాటిపోయింది. మేడ మీద పెట్టిన రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

"గట్టిగా కట్టినావా?" అంది జట్టులోని ఐశ్వర్య.

"కట్టినాను. అదే నా భయం."

అది మళ్లీ వచ్చే వేళకు అందరూ రేడియో చుట్టూ చేరారు. గరగర. ఇంకా గరగరే. అంతలో సన్నగా ఒక కూత, వెంటనే ఇంకొకటి.

ఆ ఇంకో చుట్టు సంగతి ముందే విన్న నాయనకు మునికుమార్ ఫోన్ చేశాడు.

"ఊడిందా?" అన్నాడు మునస్వామి.

"ఊడింది నాయనా!"

"శానా సంతోషం రా." అని గొంతు తగ్గించాడు. "మనింటి కట్టు ఊడిందని పుత్తూర్లో మాత్రం యాడా అనొద్దు."