బలపం ఎత్తకుండా రాసేవాడు

మా బడిలో ఈ ఏడాది పిల్లలకు ఇంగ్లిషు గొలుసు రాత నేర్పాలా, విడి అక్షరాలతో సరిపెట్టాలా అని చర్చ వచ్చింది. మాది సూరత్‌లో మునిసిపాలిటీ వాళ్ల తెలుగు మీడియం బడి. ఉన్న పిల్లలే తక్కువ. ఇంట్లో తెలుగు, ఆటల్లో హిందీ, దుకాణంలో గుజరాతీ గడగడా మాట్లాడతారు, రాయమంటే మాత్రం ఏ భాషలోనైనా మొహాలు వేలాడేస్తారు. హెడ్ మేడమ్ నాలుగు గీతల కాపీ ఒకటి బల్ల మీద పడేసి, "ఇప్పుడు కలిపి రాసేవాళ్లు ఎవరున్నారండీ? పెద్దయ్యాక ఎలాగూ ఫోన్లో కొట్టుకోవడమే. విడి అక్షరాలు చాలు, దిద్దే మనకూ సుఖం" అంది.

తలా ఒక మాట అన్నారు. కలిపి రాస్తే వేగం వస్తుందని ఒకరు, చదివేవాడికి తల తిరుగుతుందని ఇంకొకరు. ఏళ్ల తరబడి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నదాన్ని, మామూలుగా అయితే ఆ విషయం మీద నన్ను ఆపడం కష్టం. ఆ రోజు ఆ కాపీ పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. అప్పటికి మా బాపు పోయి ఎన్నాళ్లో కాలేదు. మా కరీంనగర్ వైపు నాన్నను బాపు అంటాం.

బాపు పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చి, ఒంట్లో సత్తువ ఉన్నంత కాలం మరమగ్గాల మీద పనిచేశాడు. పర్వత్ పాటియాలో ఒక గది, ముందు మూడు మెట్లు, అదే మా ఇల్లు. ఆయనది రాత్రి పాళీ. అమ్మ పొద్దున్నే వెళ్లి ఒక షెడ్డులో చీరలకు లేసు కుట్టి సాయంత్రం దాటాక వచ్చేది. ఆయన గల్లీలోకి వచ్చేసరికి ఆమె గల్లీ దాటేది. ఒకే ఇంట్లో కాపురం చేస్తూ సెలవు రోజు తప్ప వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

అందుకని బాపు పొయ్యి పక్కన మేకుకు ఒక పలక వేలాడదీశాడు. పనికి వెళ్లే ముందు దాని మీద అమ్మకు రాసి వెళ్లేవాడు. బియ్యం అయిపోయాయని, పిల్లకు ఒళ్లు వెచ్చగా ఉందని, నల్లా నీళ్లు రాలేదని. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, తిన్నవా అని. అమ్మ వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ పలక ముందు నిలబడి చదివి, తడి చేత్తో తుడిచేసి వంటలో పడేది. ఆమె తిరిగి రాసేది కాదు. ఆమెకు రాయడం రాదు. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే ఆయన డబ్బాలో పెట్టే కూరలోనే చెప్పేది, కోపమొచ్చిన రోజు కారం దంచి కొట్టేది.

బాపుది గొలుసుకట్టు రాత. ఊళ్లో చిన్నప్పుడు చదువు చెప్పిన ముసలి పంతులు దగ్గర అలవాటైందట. బలపం పలక మీద పెట్టాడంటే మాట పూర్తయ్యే దాకా ఎత్తేవాడు కాదు. ఒక అక్షరం తలకట్టు పక్క అక్షరంలోకి పాకేది, కొమ్ము కిందినుంచి తిరిగొచ్చి ఆ తర్వాతి దాన్ని అందుకునేది. కండెలోంచి పోగు వచ్చినట్టు మాట మొత్తం ఒకే గీతగా వచ్చేది. నాకు అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బళ్లో నాకు నేర్పినవి గుండ్రంగా, దేనికది దూరంగా కూర్చునే అక్షరాలు.

"గిదేం రాత బాపూ, కోడి గీకినట్టు" అనేదాన్ని.

"కోడన్న కాలెత్తి గీకుతది బిడ్డా. నేను గది గూడ ఎత్త" అనేవాడు.

అమ్మ బడి మొహం చూడలేదు. సెలవు రోజుల్లో బాపు ఆమె ముందు గుప్పెడు బియ్యం పోసి, పక్కన పలక మీద బియ్యం అని రాసి చూపించేవాడు. చింతపండు పెట్టి చింతపండు అని రాసేవాడు. అలా ఏళ్ల మీద ఆమెకు చదువు వచ్చింది. అయితే వచ్చినవి అక్షరాలు కావు, మాటలు. అవి కూడా బాపు రాస్తేనే. బస్సు బోర్డు చదవలేదు, పెళ్లి పత్రిక చదవలేదు, మా బడి తలుపు మీద నా పేరు పెద్దగా రాసి ఉంటే అదీ చదవలేదు. లోకంలో ఒకే ఒక్క మనిషి చేతిరాత చదవగల మనిషి మా అమ్మ.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆ వేడి మీద, ఒకటో తరగతి వాచకం పట్టుకెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె ఆ పేజీని ఎగాదిగా చూసింది.

"గీ అచ్చరాలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కు నిలబడ్డయి గదనే. ఎవలకు ఎవలు ఏమైతరో ఎట్ల తెలుస్తది?" అని పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఊరి పిల్లలందరికీ నేర్పే నాకు సొంత తల్లి లొంగలేదు.

మగ్గం మానేశాక బాపు ఇంటి పట్టునే ఉండేవాడు. అమ్మ కూడా లేసు పని ఇంటికే తెచ్చుకునేది. ఇక పలకతో పనేముంది? అయినా పొద్దున చాయ్ తాగగానే బాపు ఆ పలక అందుకుని తిన్నవా అని రాసి అమ్మ ముందు పెట్టేవాడు. "కండ్లు గిట్ల పోయినయా, ఎదురుంగనే తింటున్న గద" అని ఆమె తిట్టేది. తిట్టి, ఎడమ చేత్తో తుడిచేది. పెళ్లయి పక్క గల్లీలో కాపురం ఉన్న నేను బడికి వెళ్తూ దారిలో రోజూ ఈ తంతు చూసేదాన్ని.

చలికాలంలో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. నాలుక తిరగడం మానేసింది. మనిషికి అన్నీ తెలుస్తున్నాయి, మాట మాత్రం ముద్దగా వచ్చేది. అమ్మ ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వినేది. "ఏంది? జర మల్లొక్కసారి చెప్పు" అని అడిగేది. చెప్పినా తెలిసేది కాదు. కాసేపటికి ఆయన విసిగి మొహం గోడకు తిప్పుకునేవాడు. బాపు ఏడవగా నేను అంతకు ముందు చూడలేదు.

కసరత్తులు చేయించడానికి వచ్చే అమ్మాయి ఎడమ చేత్తో రాయించి చూడమంది. రాయించడమంటే అది నా పని కదా. ఎడమ చేతికి గొలుసుకట్టు ఎలాగూ రాదు, విడి అక్షరాలే తేలిక అనుకున్నాను. బడి నుంచి రాగానే కూర్చుని ఒక్కో అక్షరం దిద్దించేదాన్ని. మొదట ఆయన ససేమిరా అన్నాడు. చిన్నపిల్లల రాత రాయడం ఆయనకు నామోషీ. తర్వాత నా మొహం చూసి తలవంచాడు. ఒకరోజు వంకరటింకరగా, పెద్దగా, నీళ్లు అని రాశాడు. నేను బళ్లో పిల్లలకు కొట్టినట్టు చప్పట్లు కొట్టి, పలక తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ పలకను చూసింది. బాపును చూసింది. తర్వాత నన్ను చూసి, "ఏం రాసిండు?" అంది.

అన్ని వారాలు దిద్దించానే గానీ ఆ సంగతి నాకు తట్టలేదు, వాళ్లకూ తట్టలేదు. బాపు తల అటు తిప్పుకున్నాడు.

అప్పటి నుంచి నేను మధ్య మనిషినయ్యాను. ఆయన రాయడం, నేను చదివి చెప్పడం, ఆమె వినడం. నీళ్లు, నడుము నొప్పి, పంకా తిప్పు, ఇలాంటి వాటికి ఏ ఇబ్బందీ లేదు. ఒక సాయంత్రం ఆయన చాలాసేపు కష్టపడి ఏదో రాశాడు. రాసి, నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. నేను వంగి చదివేలోపే మణికట్టుతో తుడిచేశాడు.

"ఏంది బాపూ? రాయి, నేను సదివి చెప్త" అన్నాను.

బలపం కింద పెట్టేశాడు. ఏ మగవాడు మాత్రం పెళ్లానికి చెప్పుకోవాల్సింది కూతురి నోటితో చెప్పిస్తాడు? నేను లేచి బయటికి వచ్చాను. మెట్లు దిగానో లేదో, నేను లేకపోతే చదివేదెవరని మళ్లీ లోపలికి వెళ్లాను. అలా లోపలికీ బయటికీ తిరగడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. అమ్మ చేత మళ్లీ వాచకం పట్టించాను. ఈసారి పుస్తకం మూయలేదు, కళ్లజోడు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. పాపం, అ దగ్గర మొదలుపెట్టి నాలుగు అక్షరాలు దాటేసరికి మొదటిది మర్చిపోయేది. "నా బుర్రల నిలుస్తలేవు బిడ్డా" అని ఆమె అన్నప్పుడు పొయ్యి మూలకు పోయి నేను ఏడ్చాను.

కసరత్తుల్లో భాగంగా కుడి చేతిని రోజూ బియ్యంలో పెట్టి కదిలించమని ఆ అమ్మాయి చెప్పింది. ఆ చేయి పైకి లేవదు. భుజం నుంచి కొంచెం ఈడిస్తే అటూ ఇటూ జరుగుతుంది, అంతే. అమ్మ బియ్యం ఏరే పెద్ద పళ్లెం ఆయన ఒళ్లో పెట్టి, ఆ చేతిని ఎత్తి అందులో ఉంచి, తను పక్కనే కూర్చుని రాళ్లు ఏరుకునేది.

ఎండలు ముదిరిన రోజులు. బడి నుంచి వచ్చి గడప దగ్గర చెప్పులు విప్పుతున్నాను. బాపు కుడి చేతి చూపుడు వేలు బియ్యంలో మెల్లగా పాకుతోంది. అది కసరత్తు కాదు. వేలు తిరుగుతోంది, వెనక్కి వస్తోంది, మళ్లీ ముందుకు పోతోంది, ఎక్కడా ఎత్తడం లేదు. నేను నేర్పిన అక్షరాలకు గీత గీతకూ చేయి ఎత్తాలి, ఆ చేతికి అది ఎన్నటికీ రాదు. ఆయన సొంత రాతకు ఎత్తే పనే లేదు. అమ్మ ఏరడం ఆపి పళ్లెం మీదికి వంగింది.

"ఆఁ. తెల్సు" అంది మెల్లగా.

అరచేత్తో బియ్యం సదును చేసింది. ఆయన మళ్లీ రాశాడు. ఆమె చదివింది. "గట్లెందుకు అనుకుంటవ్? నేనెన్నడన్న ఏమన్న అన్ననా?" అని కొంగు కళ్లకు అద్దుకుంది. మళ్లీ సదును చేసింది. నేను చెప్పులు చేతిలోనే పట్టుకుని వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురింటి గుజరాతీ పెద్దావిడ ఏమైందని సైగ చేసింది. ఏమీ లేదని చెయ్యి ఊపాను. కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

చీకటి పడ్డాక, ఉండబట్టలేక, "ఏం రాసిండమ్మా?" అని అడిగాను.

"నీకెందుకు?" అంది.

అన్ని నెలల్లో అంత హాయైన మాట నాతో ఎవరూ అనలేదు.

ఆ వేసవంతా వాళ్లు ఆ పళ్లెంలో మాట్లాడుకున్నారు. నేను వెళ్తే అమ్మ బియ్యం ఒకసారి కుదిపేది, రహస్యం మాట్లాడుకుంటూ పట్టుబడిన పిల్లాడిలాగా బాపు నవ్వేవాడు, నోరు ఒక పక్కకు లాగుతూ. వానలు మొదలయ్యాక పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఆయన రాత కోసం ఇల్లంతా వెతికాను. బ్యాంకు కాగితాల మీద సంతకాలున్నాయి. అవి పేరే గానీ మాట కాదు. జన్మంతా రోజూ రాసిన మనిషిది ఒక్క మాట దొరకలేదు. రాసిందంతా పలక మీద, ఆఖర్న బియ్యంలో. అన్నీ అమ్మ చేత్తో తుడిచినవే. నాకు ఆమె మీద కోపం కూడా వచ్చింది, అన్యాయమని తెలిసే వచ్చింది. ఒక్కటైనా ఉంచి ఉండొచ్చు కదా అనిపించింది.

ఆ రోజు బడిలో చివరికి హెడ్ మేడమ్ నన్ను అడగనే అడిగింది. విడి అక్షరాలే చాలన్నాను. పిల్లలకు నిజంగా అవే తేలిక. హెడ్ మేడమ్ కాపీ మూసేసింది.

అక్కణ్నుంచి తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఒక్కతే కూర్చుని బియ్యం ఏరుతోంది. పలక పొయ్యి పక్కనే ఉంది, ఖాళీగా. పక్కన కూర్చుని, "అమ్మా, బాపు తిన్నవా అని ఎట్ల రాసేటోడు?" అన్నాను.

అమ్మ తన జన్మలో బలపం పట్టలేదు. నా వైపు ఒకసారి చూసి, రాళ్లు పక్కన పెట్టి, పళ్లెంలో వేలు ఆనించింది. తిప్పింది, వెనక్కి తెచ్చింది, కిందినుంచి చుట్టి పైకి లాగింది. ఎక్కడా ఎత్తలేదు. అచ్చం ఆ రాతే. చిన్నప్పటి నుంచి పలక చివర రోజూ చూసిన ఆ గీతను నేను గుర్తుపట్టాను. ఆ గీత మీదే నా వేలు పెట్టి దిద్దడం మొదలుపెట్టాను. సగంలో, మలుపు దగ్గర, నా వేలు అలవాటుగా లేచింది.

"ఎత్తకు" అంది అమ్మ. నా చేయి పట్టుకుని మళ్లీ మొదటి నుంచి దిద్దించింది.

మాట పూర్తయ్యాక ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. నాకు ధైర్యం వచ్చింది.

"మరి ఆ ఎండకాలంల, మొదటిరోజు, బియ్యంల ఏం రాసిండమ్మా?"

అమ్మ అరచేత్తో పళ్లెం మొత్తం సదును చేసింది. మూలల్లో కూడా ఏమీ మిగలకుండా చేసింది.

"గది నాకు రాసిండు బిడ్డా" అంది, ఆ బియ్యం కడగడానికి లేచింది.