పెద్దాయనకు అడ్డం నిలిచిన దీనమ్మ

మా దీనమ్మక్క కోపిష్టిదని అమెరికాలో మేమున్న అరోరా ఊళ్లో తెలుగువాళ్లంతా అనేవారు. నన్నడిగితే, ఆ కోపం మిగతావాళ్లకూ కాస్త ఉండాల్సింది.

1984లో మాకు సొంత చర్చి లేదు. ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన. పెద్దలు పైన పాటలు పాడుతుంటే, కింద బేస్‌మెంట్‌లో ప్రేమానందంగారు పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి బైబిల్లోని కంఠత వాక్యం అప్పజెప్పించుకునేవాడు. సంఘంలో పెద్దాయన కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన వస్తే అందరం లేచి నిలబడేవాళ్లం.

మా సంఘంలోనే ఉండే ఉషా కూతురు రేణుకి ఎనిమిదేళ్లు. ప్రార్థనకి వస్తూ అక్క కారులో పిల్ల గడగడా చెప్పిన వాక్యం, కిందికి వెళ్తే రావడం లేదని ఆయనే ఫిర్యాదు చేసేవాడు. శనివారం వస్తే పిల్లకి కడుపునొప్పి. మళ్లీ పక్క తడపడం మొదలైంది. ఉషా ఏం చేసిందో తెలుసా? ఇంకో అరగంట కూర్చోబెట్టి నేర్పించండని ఆయన్నే బతిమాలింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

అక్క మాత్రం పిల్లని కసరలేదు, గుచ్చిగుచ్చి అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఇక నిన్ను కిందికి పంపనమ్మా. ఏదైనా చెప్పాలనిపిస్తే చెప్పు, నేను నమ్ముతాను," అంది.

"అంకుల్ బ్యాడ్‌గా టచ్ చేస్తాడు ఆంటీ. మమ్మీకి చెప్తే గాడ్‌కి కోపం వస్తుంది అన్నాడు."

"దేవుడికి నీ మీద కోపం లేదు. తప్పంతా ఆయనది."

అక్క ఉషాకి చెప్పి, ఆమె ఎదుటే పిల్లల రక్షణ హాట్‌లైన్‌కి ఫోన్ చేసింది.

సంగతి తెలిసి, కొంపలు మునిగినట్టు మర్నాడే సంఘం పెద్ద జయరాజు, ప్రేమానందాన్ని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. అప్పటికే అక్క దగ్గరికి వచ్చిన ఉషా, రేణు లోపలే ఉన్నారు.

"మనలో మనం ప్రేయర్ చేసి సెటిల్ చేసుకుందాం సిస్టర్. పాపని ఆయన ముందే చెప్పమనండి," అన్నాడు జయరాజు.

అక్క గుమ్మంలోంచి కదల్లేదు. "ప్రేయర్ నేను మానను. ఫోన్ చేసినందుకు సారీ చెప్పను. పాప రాదు."

"తల్లి ఉండగా మీరెవరండీ?" అన్నాడు ప్రేమానందం. లోపలికి చూస్తూ, "ఉషమ్మా, రేణుని తీసుకురా," అని ఎప్పటిలాగే మెత్తగా పిలిచాడు.

ఉషా వచ్చింది, ఒక్కతే. ఆయన కనబడితే తల వంచి వందనాలు చెప్పే మనిషి, అక్క పక్కన నిలబడి ఆయన ముఖంలోకి చూసింది.

"నా కూతురి పేరు నీ నోట ఇంకోసారి రాకూడదు," అంది. "పో ఇక్కణ్నించి."