ఆంటీ బొమ్మ మాట్లాడిన రోజు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉన్న రోజుల్లో ఊలు, క్రోషే సూదితో వేలికి తొడుక్కునే చిన్న బొమ్మలు అల్లడం నాకు పిచ్చి. సింహం, కుందేలు అయ్యాక ఇంట్లోవాళ్లను అల్లాను. మా నాలుగేళ్ల స్నిగ్ధ అడిగిందని, పగలంతా దాన్ని చూసుకునే ఆంటీని కూడా పచ్చ చీరతో అల్లిచ్చాను. పప్పన్నం పెడుతుందని, తెలుగు మాట్లాడుతుందని మా అపార్ట్‌మెంట్స్‌లో ఉద్యోగాలకెళ్లేవాళ్లం పిల్లల్ని ఆవిడ దగ్గరే వదిలేవాళ్లం.

ఒక ఆదివారం నేను కూరగాయలు తరుగుతుంటే స్నిగ్ధ పక్కనే ఆడుకుంటోంది. ఆంటీ బొమ్మ పాప బొమ్మను బూట్ల డబ్బాలో పెట్టి మూతేసింది.

"ఏడిస్తే లైట్ కూడా ఆఫ్ చేస్తా. మమ్మీకి చెప్పావో, రేపు కూడా బట్టల క్లాజెట్‌లోనే."

స్నిగ్ధ గొంతులో ఆ విరుపు, ఆ నిదానం అచ్చం ఆవిడవే. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

స్నిగ్ధ పక్కన కూర్చుని, "ఇంక నువ్వు అక్కడికి వెళ్లొద్దులే నాన్నా" అన్నాను.

స్నిగ్ధ మొహం చిన్నబోయింది. "మరి వరుణ్‌కి క్లాజెట్ డోర్ ఎవరు ఓపెన్ చేస్తారు? ఎవ్రీడే నేనే చేస్తా."

వరుణ్ మా పైఫ్లోర్ వాళ్ల బాబు, వాడూ పగలంతా ఆవిడ దగ్గరే ఉండేవాడు. వాడికింకా మాటలు రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి వాళ్ల తలుపు కొట్టాను.

ఇప్పటికీ బొమ్మలు అల్లుతూనే ఉన్నాను. పిల్లలు వాటితో ఆడుతుంటే మాత్రం పక్క గదిలోకి వెళ్లను.