కోళ్లకు నేను రాసిన ఎర్రమందు

తొంభైల్లో హనుమాన్ జంక్షన్ దగ్గర మా పొలంలో షెడ్డు వేసి నాలుగొందల గుడ్ల కోళ్లు పెంచాను. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లలుగా ఉన్నప్పుడే ముక్కు కొనలు కత్తిరించాలని తెలిసినవాళ్లంతా చెప్పారు. నాకు మనసొప్పలేదు. "నోరులేని జీవాల ముక్కు కోసి మనం గుడ్లు తినడమేంటండీ?" అని టీకొట్టు దగ్గర ఉపన్యాసం కూడా ఇచ్చాను. బీయస్సీ జువాలజీ చదివానన్న పొగరు ఒకటి.

వెలుగు ఎక్కువైతే గుడ్లు ఇంకా పెడతాయనుకుని షెడ్డు నిండా పెద్ద బల్బులు పెట్టించాను. వారం తిరక్కుండా ఒక కోడికి తోక దగ్గర ఈకలు ఊడిపోయాయి. పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటోందని మా ఆవిడకు పాఠం చెప్పాను. మర్నాడు పొద్దున పది కోళ్లు దాన్ని చుట్టుముట్టి, గుడ్డు పెట్టే చోట పొడిచి పేగులు లాగుతున్నాయి. నేను పరిగెత్తేసరికే చచ్చిపోయింది. దాన్ని బయట పడేసి వచ్చేలోపు మరికొన్నిటి మీద పడ్డాయి.

గాయపడిన ఆరింటినీ పట్టుకుని, ఇంట్లో ఉన్న ఎర్రమందు దండిగా పూశాను. లోపలికి వదిలానో లేదో, షెడ్డులో కోళ్లన్నీ ఆ ఎరుపు మీదికి ఎగబడ్డాయి. మందు అంటిన నా వేళ్లనూ వదల్లేదు.

"మందు రాశారా, బొట్టు పెట్టి చూపించారా?" అంది మా ఆవిడ, గాయాల కోళ్లను గంపల కింద మూసేస్తూ.

అప్పుడే మా దగ్గర గుడ్లు కొనే ముస్లిం పెద్దాయన భవానీపురం నుంచి వచ్చారు. షెడ్డులోకి తొంగిచూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటి సార్, పెళ్లిపందిరా? ముందు ఆ లైట్లు తీయించండి. ఎరుపు కనపడితే కోళ్లు ఊరుకోవండి, నెత్తురనుకుంటాయి."

"మా జువాలజీ పుస్తకాల్లో ఇది లేదండీ."

"కోళ్లు అవి చదవలేదు లెండి."

ఆయన చెప్పినట్టే బల్బులు తీసేసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టాను. ఒకదాన్నొకటి వదిలేసి వాటిని పొడుస్తాయని తోటకూర కట్టలు వేలాడదీశాను. మర్నాడు ఆయనే ముక్కులు కత్తిరించే మనిషిని వెంటబెట్టుకొచ్చారు. కోళ్లను పట్టుకునే పని నాది. ఎర్రగా కాలిన బ్లేడు తగిలి మొదటి కోడి అరవగానే నేను కళ్లు మూసుకున్నాను, చెయ్యి సడలింది, అది ఎగిరిపోయింది.

"గట్టిగా పట్టుకోండి సార్. మీరు భయపడితే దానికే ఎక్కువ నొప్పి," అన్నారు పెద్దాయన.

ఆ తర్వాత కళ్లు తెరిచే పట్టుకున్నాను. పిల్లలుగా ఉన్నప్పుడు క్షణంలో అయిపోయే పనికి పెద్దయ్యాక అవి అంతసేపు గిలగిల్లాడటం చూశాను. పొడుచుకోవడం ఆగింది. గంపల కింద పెట్టిన ఆరింటిలో రెండే బతికాయి.