చెరువు వైపు గది

నిజం చెప్పేస్తాను. నాచేత ఈ ప్రయాణం కట్టించింది దుర్గం చెరువు అందం కాదు, నా కడుపుమంట. మా తోడికోడలు వసంత, మరిది కంపెనీ పార్టీ పుణ్యమా అని, ఆ చెరువు ఒడ్డున ఉన్న పాతకాలపు హోటల్లో ఒక రాత్రి ఉండి వచ్చింది. తొంభై ఎనిమిది నాటి మాట. ఇక ఇంట్లో ఏ పేరంటమైనా అదే కథ. టేకు మెట్లట, ఇంత షాండిలియరట, సలాం కొట్టి తలుపు తీసే తలపాగా మనిషట, పడుకుని స్నానం చేసే తొట్టట! మా అత్తగారు నోరు తెరుచుకుని వినేవారు. పెద్దకోడల్ని నేను మాత్రం వంటింట్లో పులిహోర కలుపుతూ వినాలి. నాకూ చెప్పుకోవడానికి ఓ కథ కావాలనిపించదూ?

నీటిపారుదల శాఖలో గుమస్తా అయిన మా ఆయన్ని ఒప్పించడానికి ఏడాది పట్టింది. శ్రావణం వస్తుందనగా ఒక శనివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి అమీర్‌పేటలో దిగాం. అక్కణ్ణుంచి ఆటో. అప్పట్లో మాదాపూర్ వైపు బస్సులు తక్కువ. ఆటో అతనిది బోరబండ. మమ్మల్నీ, నా చేతిలో క్యారియర్‌నీ మార్చి మార్చి చూశాడు.

“గా చెరువు కాడి హోటల్‌ల ఏం పనమ్మా?”

“ఉండటానికి వెళ్తున్నామండీ,” అన్నాను కాస్త గొప్పగా.

“ఉండనీకా? మరి గీ డబ్బా ఎందుకు? గాడ అన్నం పెట్టరా ఏంది?”

మా ఆయన నవ్వాపుకున్నారు. దారి పొడవునా బండలు పేలుస్తున్నారు. ఆ దుమ్ములో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ దాటాక మట్టిరోడ్డే.

వసంత చెప్పినవన్నీ కోతలైతే బాగుండునని లోపల ఆశ. ఒక్కటీ కోత కాదు! తలపాగా మనిషి సలాం కొట్టాడు, షాండిలియర్ ధగధగలాడింది, నా ఒళ్లు మండింది. గది మధ్యాహ్నం పన్నెండుకి ఇచ్చారు. అద్దె మా ఆయన జీతంలో మూడోవంతు. “చెరువు వైపు గదే ఇచ్చాం మేడమ్,” అన్నాడు కౌంటర్లో అబ్బాయి. నా ధ్యాసంతా తొట్టి మీద.

గదిలో గోడకి బోర్డు: బయటి ఆహారం తేరాదు. కిటికీ కింద పచ్చికలో ఎవరో కాఫీ తాగుతున్నారు. గబుక్కున తెరలు లాగేసి, తివాచీ మీద పేపర్లు పరిచి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ విప్పాను.

“తెర కాస్త తియ్యవే, గాలైనా వస్తుంది.”

“ఆవకాయ వాసన కిందికి పోతుంది. పరువు తక్కువ, ఊరుకోండి!”

సాయంత్రం ఒడ్డుకి ఆయనొక్కరే వెళ్లొచ్చారు. నేను తొట్టి వదల్లేదు. రాత్రీ పెరుగన్నమే, తెరలూ అలాగే ఉన్నాయి. పొద్దున్నే పక్క సర్ది, దుప్పట్లు మడతపెడుతుంటే గది శుభ్రం చేసే ఆమె వచ్చి, “అయ్యో, మీరెందుకు మడతేసిండ్రమ్మా? గది నా పని గదా!” అని లబోదిబోమంది.

శ్రావణ శుక్రవారం అత్తగారింట్లో పేరంటం. శనగలు పంచుతూ నా కథ మొదలుపెట్టాను. మెట్లు, తొట్టి, సలాం, ఏదీ వదల్లేదు. వసంత మధ్యలో మెల్లిగా అడిగింది.

“చెరువు వైపు గదేనా అక్కా?”

“ఆ, చెరువు వైపే!”

“మాకు వెనకవైపు ఇచ్చారు. కిటికీ తీస్తే వంటింటి పొగగొట్టం. పొద్దున్నే లేచి చెరువు వైపు కిటికీలోంచి నీళ్లు చూస్తే ఎలా ఉంటుందోనని ఏడాదిగా అనుకుంటున్నా. ఎలా ఉందక్కా?”

శనగల గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. “బ్రహ్మాండంగా ఉందే,” అన్నాను.

“ఎంత అదృష్టవంతురాలివక్కా,” అంది వసంత.

ఏడాదిగా నేను కోరుకున్నది ఆ మాటే, ఆ చూపే. తీరా దొరికాక ఏం చేసుకోవాలో తెలియలేదు. గదిలోంచి చూడని చెరువుని ఏడాదిపాటు తలుచుకున్న మనిషి ముందు, చెరువు వైపు గదిలో తెర తీయకుండానే పడుకుని లేచిన నేను. చెబితే నవ్వుతారు, మళ్లీ వసంత మీదే కుళ్లు పుట్టింది. వెళ్లదలచినవాళ్లకి నా సలహా ఒక్కటే: చెరువు వైపు గది అడిగి తీసుకోండి, క్యారియర్ పట్టుకెళ్లినా పరవాలేదు, దాని మూత తీసేముందు మాత్రం కిటికీ తెర తీయండి.