యాభై ఎనిమిదో నంబరు కోటు

ఊరి వరసకు నాకు పెద్దమ్మ అయ్యే జోసెట్ కంటపడకుండా మా ఊళ్ళోకి ఒక్క బండి కూడా రాలేదు. కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో దుప్పి తోలు, చేతిలో సూది, కళ్ళు మాత్రం రోడ్డు మీద. టీకాల నర్సు వస్తే మనవరాలిని మంచం కిందకి తోసేది. ఫాదర్ గారు వస్తే కుక్కను విప్పేది. ఏ కాగితం మీదా సంతకం పెట్టేది కాదు.

"మా అమ్మ ఒక్కసారి వేలిముద్ర వేసింది. మర్నాడే సరస్సు మీద విమానం దిగింది" అనేది.

ఆ విమానంలోనే పన్నెండేళ్ళ పెద్దమ్మ, ఆమె తమ్ముడు జకారీ, మా అమ్మకు అన్న అయిన నార్సిస్ మా ఆదివాసీ పిల్లల కోసం తెల్లవాళ్ళు నడిపే మిషన్ బడికి వెళ్ళారు. తిరిగొచ్చింది పెద్దమ్మ ఒక్కతే. నార్సిస్ మామయ్య చనిపోయాడనీ, బడి శ్మశానంలోనే పూడ్చామనీ మా తాతకు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. జకారీ జనవరిలో బడి నుంచి పారిపోయాడని చెప్పారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

పెద్దమ్మ అనుమానాలకు ఊరంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. కానీ ఆవిడ మమ్మల్నే అనుమానించడం నాకు ఒళ్ళుమంటగా ఉండేది. బడి నుంచి ఊరికి వచ్చే దారిలో మా తాత వేట గుడిసె ఉండేది. జకారీ అక్కడికి వచ్చి ఉంటాడట, పోలీసులకు భయపడి మా తాత అప్పగించి ఉంటాడట. ఎదురుపడితే పలకరించేది, మా ఇంట్లో టీ మాత్రం తాగేది కాదు. యాభై నాలుగేళ్ళుగా అదే వరస.

ఆకులు రాలే రోజుల్లో మేము పోయినవాళ్ళకు విందు పెడతాం. పేరు పెట్టి పిలిచి, నిప్పులో కాస్త మాంసం, కాస్త రొట్టె వేస్తాం. బతికున్నవాడి పేరు మాత్రం పిలవకూడదు. పిలిస్తే చేజేతులా వాణ్ణి అటువైపు లాగినట్టే. అమ్మ ఏటా నార్సిస్‌ను పిలిచేది. పెద్దమ్మ తనవాళ్ళందరినీ పిలిచి, జకారీ దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకునేది. తమ్ముడు ఏమయ్యాడో తెలిస్తే గాని ఆవిడ పిలవదు.

అమ్మకూ ఒక అనుమానం లేకపోలేదు. "అన్నయ్యను క్షయ ఆసుపత్రికి పంపారు కదా. పిల్లలకి సరిగ్గా రొట్టె పెట్టనివాళ్ళు అంత దూరం నుంచి శవాన్ని బడికి తెప్పించారంటే నమ్మమంటావా?" అని నన్ను అడిగేది. 

మొన్న సెప్టెంబరులో బడి నుంచి తిరిగిరాని పిల్లల ఆచూకీ వెతికే లియోనా అనే అమ్మాయి బడి రిజిస్టరు నకళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా జాతి పిల్లే. ఆమె బండి ఆగిన రెండు నిమిషాలకే పెద్దమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"ఎవరి పిల్లవే నువ్వు? మొహం మనదే గానీ బూట్లు వాళ్ళవి" అంది.

"బూట్లు సంతలో కొన్నానవ్వా" అంది లియోనా నవ్వుతూ.

"క్లెమెన్స్, దేనిమీదా సంతకం పెట్టకు" అని అమ్మను హెచ్చరించి పెద్దమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

లియోనా చదివింది. "నంబరు యాభై ఎనిమిది, నార్సిస్. ఏప్రిల్‌లో మంచు కరిగాక సరస్సు ఒడ్డున దొరికాడు. ముఖం ఆనవాలు పట్టలేకపోయారు. కోటు మీది నంబరును బట్టి గుర్తించి, పూడ్చారు."

"సరస్సు ఒడ్డున ఏంటి? మావాడు ఆసుపత్రిలో కదా ఉన్నాడు!" అంది అమ్మ.

"మళ్ళీ చదువు" అంది పెద్దమ్మ.

లియోనా మళ్ళీ చదివింది. పెద్దమ్మ గోడ వెంబడే జారి నేలమీద కూలబడింది. నేను నీళ్ళు ఇస్తే మా ఇంటి నీళ్ళు మొదటిసారి తాగింది.

"కుట్టుగదిలో కోట్లకి నంబర్లు కుట్టే పని నాది" అంది. "నార్సిస్‌ని ఆసుపత్రికి దుప్పటి చుట్టి తీసుకెళ్ళారు. వాడి కోటు అక్కడే పడి ఉంది, మందంగా. మా జకారీకి ఇచ్చింది పల్చటిది, రాత్రీ పగలూ దగ్గేవాడు. నార్సిస్ వచ్చాక ఇచ్చేద్దాంలే అని వాడికి తొడిగాను. నంబరు విప్పలేదు. నా చేత్తో కుట్టిన నంబరే. ఆ ఒడ్డున దొరికినవాడు మా జకారీయే."

 తరవాత ఆవిడ ఏడ్చింది. అంత పెద్దగా ఏడవగలదని నేను అనుకోలేదు.

"మీ నాన్నని తప్పుబట్టాను క్లెమెన్స్. ఆయన పోయినప్పుడు కూడా రాలేదు" అంది.

అమ్మ ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. "నీ తప్పేముంది అక్కా? చలికి కోటు తొడిగావు, అంతేగా" అంది. ఆ మాట అంటూనే అమ్మ మొహం మారిపోయింది. లియోనా వైపు తిరిగి, "మరి మావాడు ఏడమ్మా?" అంది.

ఆసుపత్రి కాగితాలు ఇంకా ఎవరికీ చూపించడం లేదని లియోనా చెప్పింది. ఆసుపత్రి నుంచి కొందరు పిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళకు పెంపకానికి ఇచ్చేశారని కూడా చెప్పింది.

మరుసటి నెల విందులో పెద్దమ్మ లేచి నిలబడింది. దుప్పి మాంసంలో మెత్తటి ముక్క ఏరి, "జకారీ, రా నాయనా, తిను" అని పిలిచి నిప్పులో వేసింది. యాభై నాలుగేళ్ళ ఆకలి వాడిది. 

తరవాత వంతు అమ్మది. మాంసం పళ్ళెం చేతిలోకి తీసుకుని నిప్పు దాకా వెళ్ళింది. అమ్మానాన్నలను పిలిచింది. నార్సిస్ పేరు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. బతికున్నవాణ్ణి ఇన్నేళ్ళూ పిలిచానేమోనని గొణిగి నిప్పు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. నార్సిస్ వంతు ముక్కను పళ్ళెంలోనే ఉంచి ఇంటికి తెచ్చి, మూత పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. బండి చప్పుడైతే చాలు, అమ్మ లేచి చూస్తుంది.