ఇద్దరి కాఫీకి పెళ్ళి మెషిన్

అన్నలూ అక్కలూ, నిన్న మా వీధి మొత్తం నా చేతి కాఫీ తాగింది. ఎవరికోసం పెట్టినానో ఆ ఒక్క మనిషి తప్ప. నవ్వుకోండి, పర్లేదు. నేను కూడా నవ్వుకుంటానే టైప్ చేస్తా ఉండా. సగం నవ్వు.

ఈ కాఫీ గ్రూప్‌లో ఇన్ని రోజులు నేను సైలెంట్. మీరు గింజలు, గ్రైండర్లు అని కొట్లాడుకుంటా ఉంటే చదువుకునేదాన్ని. నా పేరు జెస్సీ, ఇంటర్ సెకండియర్, తోటపల్లి గూడూరు దగ్గర ఊరు. మా నాయనది సప్లయర్స్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తాడు. ఇంటి పక్కనే షెడ్డు. అందులో ఒక ఎస్ప్రెసో మెషిన్ ఉండాది. మీ కిచెన్‌లో ఉండే టైపు కాదు. పెళ్ళిళ్ళలో చూసుంటారు కదా, మనిషి భుజం దాకా స్టీలు బాయిలరు, కింద గ్యాస్ పొయ్యి, పక్కకి ఆవిరి పైపు. జగ్గులో పాలు, చక్కెర, ఇన్‌స్టంట్ పొడి వేసి, పైపు ముంచి ట్యాప్ తిప్పితే రైలింజన్ మాదిరి అరుస్తాది. నురగ వచ్చినాక పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తాం. మా దిక్కు ఎస్ప్రెసో అంటే అదే, ఇటలీవాళ్ళు ఏమన్నా అనుకోనీ.

ఇప్పుడు సౌజన్య గురించి. ఒకటో క్లాసు నుంచి టెన్త్ దాకా నేనూ అదీ ఒకటే బెంచి. టెన్త్ అయినాక వాళ్ళ నాయనకి చెన్నైలో పని దొరికి అందరూ పోయినారు. నాకేం, కాలేజీలో వేరే ఫ్రెండ్స్ దొరుకుతారులే అనుకున్నా. దొరకలా. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, అంతే. ఇంటికొస్తే అమ్మా నాయన ఎవరిదో ఒక ఫంక్షన్‌లో ఉంటారు. మా అన్న డేవిడ్ రొయ్యల హేచరీలో పనిచేస్తా అక్కడే ఉంటాడు. షెడ్డు నిండా కుర్చీలే, ఎదురుగా కూర్చునేదానికి మనిషి లేడు. టీవీ పెట్టుకొని దానికే జవాబులు చెప్తా అన్నం తింటా.

మొన్న సౌజన్య ఫోన్ చేసింది. వాళ్ళ అవ్వని చూసేదానికి మా ఊరికి వస్తా ఉందంట. నిన్న ఒక్కరోజే, సాయంత్రం మళ్ళా నెల్లూర్లో ట్రైన్.

"ఇంటికి రా మే, కాఫీ పెడతా," అన్నా.

"మీ పెళ్ళి కాఫీనా? నేనిక్కడ కాఫీ షాపులో నిజం ఎస్ప్రెసో తాగతా ఉండా. ఇంతే కప్పు, నల్లగా, పైన బంగారు రంగు నురగ."

"అదే పెడతా. మీ షాపు మెషిన్ మా మెషిన్ ముందర పిల్లకాయ."

"నీ కోతలు తగ్గలా. సరే, నాలుగింటికి వస్తా. ఎవర్నీ పిలవబాక. మనిద్దరమే కూర్చుందాం. నీతో ఒకటి చెప్పాల."

నీతో ఒకటి చెప్పాల. ఈ మాట నాతో ఎవరన్నా అని ఎంత కాలమైందో. ఇంక నేను ఆగుతానా?

కోత ఊరికే కొయ్యలేదు లెండి. ఈ గ్రూప్‌లోనే ఒకన్న పాతకాలం ఇటలీ మెషిన్ ఫోటో పెట్టినాడు. నిలువు బాయిలరు, పైన గోపురం మాదిరి మూత, పక్కన కొళాయి. చూస్తే అచ్చం మా షెడ్డులోదే. కింద ఆయన రాసినాడు, అక్కడ జనాలకి కాఫీ దిగేదాకా ఆగే ఓపిక లేక, ఆవిరితో పొడిలోకి నీళ్ళు తోసి ఒక్కో కప్పు అప్పటికప్పుడు ఇచ్చేది కనిపెట్టినారని. చాలు, నాకు అర్థమైపోయింది. ఆవిరి ఉండాది, పొడి ఉండాది, ఇంకేం కావాల? ఆ ఆవిరి మెషిన్లలో కాఫీ మాడు వాసన వచ్చేదనీ, తర్వాత లివరూ స్ప్రింగూ పెట్టి బలంగా నీళ్ళు తోస్తేనే ఆ బంగారు నురగ వచ్చిందనీ ఆయన ఇంకో పేరా రాసినాడు. ఆ పేరా నేను నిన్న సాయంత్రం చదివినా.

నిన్న అమ్మా నాయన కొడవలూరులో పెళ్ళికి పోయినారు, కొత్త మెషిన్ తీసుకొని. పాతది షెడ్డులో నాకు మిగిలింది. బాయిలర్‌లో నీళ్ళు పోసి, గ్యాస్ ముట్టించి, మీటరు ముల్లు పైకెక్కేదాకా కూర్చున్నా. ఫిల్టర్ కాఫీ పొడి తెచ్చి పెట్టుకున్నా. మా అమ్మ డికాక్షన్ ఫిల్టర్ ఉంది కదా, దాని పై గిన్నెలో పొడి గట్టిగా అదిమి, ఆవిరి పైపు మూతి దాంట్లో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, గుడ్డ మీద నా హెయిర్ బ్యాండ్ వేసినా. అడుగు బొక్కల కింద చిన్న కప్పు. ఫోను తడుస్తాదని లోపల టీవీ దగ్గర పెట్టేసి వచ్చి ట్యాప్ తిప్పినా.

కొంచెం తిప్పాల్సింది. నేను మొత్తం తిప్పినా.

హెయిర్ బ్యాండ్ యాడికి పోయిందో ఇప్పటికీ తెలీదు. గిన్నె పోయి షామియానా గుడ్డల్లో పడింది. పొడి మాత్రం యాడికీ పోలా, అంతా నా మొహం మీదే ఉండాది. మిగిలింది ఆదివారం ఫంక్షన్‌కని ఉతికి మడతపెట్టిన తెల్ల కుర్చీ కవర్ల మీద. పక్కన నిలబడి తిప్పినా కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈ మెసేజ్ ఆసుపత్రి నుంచి పెట్టేదాన్ని. కళ్ళు తుడుచుకొని ట్యాప్ కట్టేసేలోపల ఆ పైపు అరిచిన అరుపు సముద్రం దాకా వినిపించుంటాది.

మా ఊర్లో ఆ అరుపుకి ఒకటే అర్థం. కాఫీ రెడీ, రండి.

ఫస్ట్ పక్కింటి ముసలామె, రమణమ్మ జేజి వచ్చింది, చేతిలో స్టీలు గ్లాసుతో సహా.

"ఎవరికే ఫంక్షను? మీ డేవిడ్‌కి సంబంధం కుదిరిందా?"

"ఫంక్షన్ లేదు ఏం లేదు జేజీ. ఊరికే ట్రయల్ వేస్తా ఉండా."

"మొహానికి ఆ నలుపేంది?"

"అదీ ట్రయలే."

"సరే, ఈ గ్లాసులో పొయ్యి. బాగుందో లేదో నేను చెప్తా."

ఒక్క గ్లాసు ఇచ్చి పంపిద్దామనుకున్నా. ఇంట్లో రెండు పాల ప్యాకెట్లు ఉండాయి. నిజం ఎస్ప్రెసో ఎట్టా పోయింది, సౌజన్యకి పెళ్ళి కాఫీ అయినా మంచిది పెడదాం, ముందు జేజి మీద ట్రై చేద్దాం అని జగ్గులో పైపు ముంచినా. ఇంకేముంది? మళ్ళా అరిచింది.

ఈసారి ఎదురింటివాళ్ళు వచ్చినారు. వాళ్ళ వెనక రొయ్యల గుంటల నుంచి పనయిపోయి వచ్చేవాళ్ళు. జేజి వాళ్ళకి చెప్తా ఉంది, "పాప దాస్తా ఉందబ్బా, డేవిడ్‌కి కుదిరినట్టుంది."

"జేజీ, నేను అట్ట చెప్పలా."

"చెప్పాల్సిన పన్లేదులే. నీ సిగ్గు చూస్తే తెలీదా."

అది సిగ్గు కాదు, కాఫీ పొడి. కానీ వినేదెవరు? మగోళ్ళు షెడ్డులోకి పోయి కుర్చీలు వాళ్ళే తెచ్చుకున్నారు. మా షెడ్డు కుర్చీలు ఎవరు తీసినా వరసగానే వేస్తారు, అలవాటు. పాలు అయిపోయినాయి, హమ్మయ్య అనుకున్నా. జేజి వాళ్ళింటి నుంచి గేదె పాలు బిందెతో తెప్పించింది. ఒక మామ అయితే, "ఫంక్షన్ ఇంట్లో లైటు లేకుంటే ఎట్టమ్మా," అని సీరియల్ లైట్లు కూడా వేసినాడు, పట్టపగలు. నాకు వెళ్ళిపొమ్మని చెప్పే ధైర్యం లేదు. ఇంకో మాట కూడా ఉండాది. చాక్లెట్ పొడి చల్లి గ్లాసు ఇస్తా ఉంటే ఒకామె, "బాగా చేసినావు పాపా," అని నా చెంప మీద పొడి కొంగుతో తుడిచింది. కొంచెంసేపు బాగుండింది. కొంచెంసేపే. అందరూ వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకుంటా ఉండారు, నేను మెషిన్ కాడ నిలబడి ఉండా, ప్రతి ఫంక్షన్‌లో మాదిరే.

మధ్యమధ్యలో వీధి చివరికి చూస్తానే ఉండా. వస్తే జనాల్ని ఏదో ఒకటి చెప్పి పంపిద్దాం, దాన్ని లోపలికి తీసుకపోయి తలుపేద్దాం, ఇదే ప్లాన్. అది రాలా.

అందరూ పోయి, గ్యాస్ ఆర్పి, లోపలికి పోయి ఫోన్ చూసినా. అమ్మవి మిస్డ్ కాల్స్. ఎవరో ఫోన్ చేసి చెప్పినారంట, పెళ్ళికూతురు ఎవరు, నాకే తెలీకుండా నా కొడుక్కి నిశ్చితార్థమా అని వాయిస్ మెసేజ్. దాని కింద సౌజన్య మెసేజ్.

"మీ ఇంట్లో ఫంక్షనని చెప్పనే లేదు కదే. వీధి మొదట్లోకి వచ్చినా. లైట్లు, కుర్చీలు, ఊరంతా అక్కడే. నేను నైట్ ప్యాంట్‌లో ఉండా, తలస్నానం చేసి జుట్టు కూడా ఆరలా. సిగ్గేసి తిరిగిపోయినా. ట్రైన్ ఎక్కేసినా."

ఫోన్ చేసినా. సూళ్లూరుపేట దగ్గర్లో ఉన్నిందంట, మాట తెగి తెగి వస్తా ఉంది.

"ఫంక్షన్ కాదు మే. నీకోసం కాఫీ పెట్టినా."

"నాకొక్కదానికి అంతమంది జనమా?"

జరిగింది మొత్తం చెప్పినా. ఫిల్టర్ గిన్నె ఎగిరింది కాడికి వచ్చేసరికి అది ఒకటే నవ్వు. పక్కన కూర్చున్నోళ్ళు చూస్తా ఉండారంట, అయినా ఆపలా. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సరే, ఏదో చెప్పాలన్నావు కదా, చెప్పు," అన్నా.

లేచి డోర్ దగ్గరికి పోయినట్టుంది, పట్టాల సౌండ్ ఎక్కువైంది. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా.

"ఏం లేదే. చెన్నైలో నాకు ఒక్క ఫ్రెండ్ కూడా దొరకలా. ఆ కాఫీ షాప్‌కి కూడా ఒక్కదాన్నే పోతా. చిన్న కప్పు తెచ్చుకొని, అది చల్లారిపోయేదాకా కూర్చొని వస్తా. ఈరోజు నీకు చెప్దామని వచ్చినా. వచ్చి చూస్తే నీ చుట్టూ ఊరంతా ఉండాది. నీకేంలే, బాగుండావు అనుకున్నా."

బాగుండానంట. నేను. మొహమంతా కాఫీ పొడితో.

"ఒసే, అంతమంది వచ్చినా ఒక్కరు కూడా నన్ను కూర్చోమనలేదే," అన్నా. మళ్ళా నవ్వింది. ఆ నవ్వులో సిగ్నల్ నిజంగానే పోయింది.

అందుకని అన్నలూ అక్కలూ, విషయం ఏందంటే, ఈ నెలాఖరులో నేనే చెన్నై పోతా ఉండా. పాత మెషిన్ తీసుకొని పోతానంటే దానికి కూడా సీటు రిజర్వ్ చేయాల అంటున్నాడు మా నాయన. కాబట్టి సంచిలో పట్టేది ఒక చిన్న మెషిన్ చెప్పండి. రేటు తక్కువుంటే మంచిది. ఇద్దరికి సరిపోతే చాలు. నురగ రాకపోయినా పర్లేదు, మాడు వాసన వచ్చినా పర్లేదు.

అరవకుండా ఉంటే చాలు.